పెళ్లిచూపుల్లో పొగ

హైదరాబాదులో గాలిని పరీక్షించే ఉద్యోగం మా అమ్మాయి ప్రసన్నలక్ష్మిది. పెళ్లిచూపులకు కృత్తివెన్ను నుంచి సొంత వ్యానులో వచ్చిన రొయ్యల వ్యాపారి బాబ్జీ మాట కలిపాడు.

“ఆ గాలిలో ఏముంటుందండీ?”

“మీ డీజిల్ వ్యాను వదిలే మసి, నైట్రోజన్ ఆక్సైడ్లేనండీ. రోడ్ల దుమ్ము, చెత్త కాల్చిన పొగ వాటికి తోడు.”

అబ్బాయి కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

“చూడ్డానికొచ్చినవాడికి పాఠం చెప్తావేంటే తల్లీ, ఈ సంబంధమూ గాలిలో కలిసిపోయింది” అని నెత్తి పట్టుకున్నాను.

మూడోనాడు బాబ్జీ రెండు బస్సులు మారి, చెమటలు కక్కుతూ వచ్చాడు.

“ఆ నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండకి ఓజోన్‌ని పుట్టిస్తాయట. ఇంటికెళ్లి అదే చదివాను. అమ్మాయిగారిని పిలవండి మావయ్యగారూ, డౌట్లున్నాయి.”

ఓజోన్ ఏదైతే నాకేంటండీ, పిల్లాడు నన్ను మావయ్యగారూ అన్నాడు.