అత్తమ్మ చూసిన కాలేజీ

"ఒక్కసారి కాలేజీ సూడు అత్తమ్మా. సూసినంక గూడ వద్దంటే ఇగ అడగ," అంది తారామణి బస్సు దిగుతూ.

"ఏం జూసినా నా మాట గదే," అంది వెంకటనర్సమ్మ.

తారామణికి ఎమ్మే చరిత్రలో సీటొచ్చింది. ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరు రోజు. భర్త, నాచారంలో ఫ్యాక్టరీకి పోతూ, "అమ్మ ఊకొడితే నాకేం ఫికర్ లేదు" అని తప్పుకున్నాడు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర వెంకటనర్సమ్మ తల పైకెత్తింది. గులాబీ రంగు రాయి, తాటిచెట్టంత కమాను.

"పైన మొన దేలినయి సూడు, గోతిక్ అంటరు. ఇంగ్లీషోళ్ల చర్చిలు గిట్లనే ఉంటయి. లోపల స్తంభాలేమో మన గుళ్ల లెక్క," ఆశగా చెప్పింది తారామణి.

"ఇదంత ఊడ్వనీకి ఎందరు గావాల్నో!" అంది అత్త.

తారామణి ఉసూరుమంది. చల్లటి వరండాలో ఇద్దరి చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. చరిత్ర విభాగం ముందు, అద్దాల పెట్టెలో పాత పుస్తకాలు తెరిచి పెట్టారు. వెంకటనర్సమ్మ అక్కడ ఆగిపోయింది.

"అది ఉర్దూ, అత్తమ్మా. నాకే రాదు. పా, ఆఫీసు బంద్ జేస్తరు."

అత్త కదల్లేదు. అద్దం మీద వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు జరుపుతూ మెల్లగా చదివింది.

"జమీన్ సూరజ్ కే గిర్ద్ గర్దిష్ కర్తీ హై... భూమి సూర్యుని సుట్టు తిరుగుతది."

తారామణి గిరుక్కున వెనక్కి తిరిగింది. పెళ్లయిన ఈ రెండేళ్లూ అత్తకు బస్సు బోర్డులు తనే చదివి చెబుతోంది.

"నీకు సదువొచ్చా?"

"నిజాం కాలంల బడంటే ఉర్దూనే గద. నాకు తెలుగక్షరాలే రావు."

"ఎందాక సదివినవ్?"

"తొమ్మిది. జుగ్రాఫియాల, గదే భూగోళంల, ఎప్పుడూ నేనే ఫస్టు."

"మరెందుకు ఆపినవ్ అత్తమ్మా?"

వెంకటనర్సమ్మ కోడలి చేతిలోని ఫారం తీసుకుని, నలిగిన మూలను వేళ్లతో సాపు చేసి, తిరిగి ఇచ్చింది.

"ఉరుకు, ఇచ్చి రాపో. నేనీడ్నే కూసుంట."

తారామణి రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి అత్త గొంతు మెల్లగా వినిపించింది.

"నేను గూడ మా అత్తను ఒక్కపారి ఈడికి తోల్కొచ్చి సూపియ్యాల్సుండె."