ప్రొఫెసర్ గారి ఫైలు

“గట్టిగా చదువు. నలుగురూ వినాలి,” అన్నాడు సెవెరిన్.

పోలండ్‌లోని వూచ్ నగరంలో పాత కమ్యూనిస్టు ప్రభుత్వపు రహస్య పోలీసుల ఫైళ్లు భద్రపరిచిన కార్యాలయం అది. వరండాలో ఒక బెంచీ మీద డెబ్బై తొమ్మిదేళ్ల ఆర్కెస్ట్రా కండక్టర్ సెవెరిన్ ద్రోజ్ద్ కూర్చున్నాడు. పక్కన ఆయన పాత శిష్యురాలు బోగ్నా. ఎదుటి బెంచీ మీద తన వంతు కోసం చూస్తున్న ఓ ఆవిడ.

ఆయన కళ్లకి శుక్లాలు. కాగితానికీ చేతిరుమాలుకీ తేడా తెలియడం లేదు. అందుకే కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఫైలు చూపమని ఆయన పెట్టిన అర్జీకి వచ్చిన కవరు తెచ్చింది బోగ్నాయే.

ఆ కవరు కోసం ఆయన ముప్పై అయిదేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

1972లో పోజ్నాన్‌లో పెద్ద ఆర్కెస్ట్రాకి కండక్టర్ పదవి కోసం పోటీ పడ్డాడు. రాలేదు. వార్సాలో ప్రయత్నించాడు. అక్కడా రాలేదు. ఆయన చేతిలో బాటన్ కర్ర ఊపితే ఈగలు తోలుతున్నట్టుంటుందని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లూ అదే అనేవారు.

ఆయన మాత్రం, “నా మీద నిఘా ఉంది. పైవాళ్లు తొక్కేశారు,” అనేవాడు.

అలా తొక్కబడి, కుట్నోలో అప్పటికే పనిచేస్తున్న చిన్న సంగీత పాఠశాలలోనే ఉండిపోయి, మొత్తం నలభై ఒక్క ఏళ్లు పిల్లల ముక్కులు తుడుస్తూ వయొలిన్ పట్టుకోవడం నేర్పాడు. వాళ్లలో పదకొండు మంది ఇప్పుడు దేశంలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నారు. బోగ్నా అయితే ఒక ఆర్కెస్ట్రాని నడిపిస్తోంది. ఇవేవీ ఆయన లెక్కలోకి రావు. అదంతా శిక్షాకాలం.

తన గురించి పోలీసులకు కబుర్లు మోసింది అదే బడిలో ట్రంపెట్ నేర్పే వాలెంటి అని ఆయన నమ్మకం. ఒకప్పుడు ప్రాణస్నేహితుడు. ఇద్దరివీ ఒకే భవనంలో ఇళ్లు. మెట్ల మీద ఎదురుపడితే సెవెరిన్ గోడవైపు తిరిగిపోయేవాడు. ముప్పై అయిదేళ్లూ అంతే.

“చదవవేం?” అన్నాడు సెవెరిన్.

బోగ్నా గొంతు సవరించుకుంది. “‘మార్చి పద్నాలుగు, 1972. కండక్టర్ ద్రోజ్ద్ బడి ఆర్కెస్ట్రా రిహార్సల్ మధ్యలో ఆగి, మంత్రి గారి ప్రసంగం మన రెండో హార్న్ వాద్యం కన్నా ఎక్కువ శ్రుతి తప్పింది అన్నాడు. అందరూ నవ్వారు.’”

“అన్నాను!” సెవెరిన్ బెంచీ మీద చరిచాడు. “ఒక్క మాట పొల్లు పోకుండా రాశాడు వెధవ! అప్పుడు నువ్వూ ఉన్నావు కదూ?”

“రెండో వయొలిన్ వరసలో ఉన్నాను ప్రొఫెసర్ గారూ.”

“వాడి పేరేమిటి?”

“అసలు పేరు లేదు. మారుపేరు ఉంది...” బోగ్నా ఒక్క క్షణం ఆగింది. “‘బెమోల్.’”

“స్వరాన్ని కిందికి దించే గుర్తు! నన్ను దించాడుగా మరి. ఎవడో గానీ సంగీతం తెలిసినవాడు. వాలెంటీయే! తర్వాత?”

కాగితం చప్పుడైంది.

“‘ట్రంపెట్ వాయించే వాలెంటిని ద్రోజ్ద్ గురించి సమాచారం ఇమ్మని మూడుసార్లు అడిగాం. మూడోసారి అతను ట్రంపెట్‌లో చేరిన ఉమ్మినీళ్లు మా అధికారి బూట్ల మీద వొంపాడు.’”

సెవెరిన్ కాగితం వైపు వంగాడు.

“వాలెంటి అలా చేశాడా?” అన్నాడు.

“ఇక్కడ అలాగే ఉంది.”

“వాడు చేస్తాడు. చేసే రకమే. ఇంకేముంది?”

“‘పోజ్నాన్ పదవి ఇతనికి ఇవ్వరాదు. ఇతని ఆర్కెస్ట్రా వింటే జనం లేచి నిలబడతారు. అలా లేచిన జనం తర్వాత ఎటు నడుస్తారో చెప్పలేం.’”

“మళ్లీ చదువు.”

మళ్లీ చదివింది.

“ఇంకోసారి.”

ఎదుటి బెంచీ మీది ఆవిడ నిట్టూర్చింది. “అదృష్టవంతులండీ. మా ఆయన ఫైలంతా మా అత్తగారే రాసింది. అందులో సగం నా వంట గురించే.”

సెవెరిన్ వినిపించుకోలేదు. జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు. అది కూడా శ్రుతిలో లేదు.

“నీ ఫోను ఇలా ఇవ్వు. వాలెంటికి కలుపు,” అన్నాడు.

బోగ్నా కలిపింది.

“ఒరే, నేను. సెవెరిన్ని. నువ్వు కాదట్రా!”

“ఏం కాదు?” అవతలి గొంతు వరండా అంతా వినిపించింది.

“ద్రోహివి!”

“ఆ ముక్క తెలుసుకోడానికి ముప్పై అయిదేళ్లు పట్టిందా గాడిదా? ఆదివారం భోజనానికి రా. మా ఆవిడ కట్లెట్లు చేస్తుంది. అవి తింటే పడే శిక్ష చాలు నీకు.”

సెవెరిన్ నవ్వాడు, ఏడ్చాడు, ఫోను తలకిందులుగా పట్టుకుని ఇంకో రెండు నిమిషాలు తిట్టాడు. తర్వాత లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. నడుము ఎప్పుడూ లేనంత నిటారుగా ఉంది.

“ఆ కాగితాలు ఇవ్వమ్మా. ఫ్రేము కట్టిస్తాను.”

“తిరిగి ఇచ్చెయ్యాలి ప్రొఫెసర్ గారూ. అవి వాళ్లవి.”

“సరేలే. ఇచ్చిరా. నాకు తెలిసింది, చాలు.”

వరండా మలుపు తిరిగాక బోగ్నా కవరులోని ఒకే ఒక్క కాగితాన్ని నాలుగు ముక్కలుగా చించి చెత్తబుట్టలో వేసింది, దాని మీద ఉన్నది ఒకటే వాక్యం: “సెవెరిన్ ద్రోజ్ద్ అనే పౌరుడి గురించి ఎవరూ, ఎన్నడూ, ఎలాంటి ఫైలూ తెరవలేదు.”