తోక కింద ఊత

మందుల పెట్టెలన్నీ తోపుడుబండి మీంచి చిన్న విమానం ముందు అరలోకి ఎక్కించాక, ఫాతాయి తోక కింద పెట్టిన ఊతను లాగాడు. అది రాలేదు. వెనక అర ఖాళీగా ఉంటే ఊత తేలిగ్గా ఊడి రావాలి. వెనక అంత బరువుంటే విమానం లేవగానే ముక్కెత్తి కూలిపోతుంది.

చెవికి తగిలించుకున్న ఫోనులో పైలట్ లోసలీన్ నవ్వింది. "నడుం పట్టేసిందా బాబాయ్? గట్టిగా లాగు."

"వెనక ఏమైనా పెట్టించావా అమ్మా?"

"నీకు చెప్పకుండా ఎప్పుడైనా పెట్టించానా? వవావు దీవి ఆసుపత్రిలో కాచుక్కూర్చున్నారు, కానివ్వు."

అతను వెనక తలుపు తీసి టార్చి వేశాడు. ఉత్త నేల, మడత పెట్టిన వల. లోపలి గాలి మాత్రం, జనం కూర్చుని ఉన్న గదిలోలా వెచ్చగా తగిలింది.

"ఖాళీయే," అన్నాడు తలుపు మూస్తూ. "అయినా ఈ ఊత కదిలేదాకా ఎగరొద్దు."

అప్పుడు చీకట్లో తోక మెల్లగా పైకి లేచింది. ఊత ఠంగుమని నేల మీద పడింది.

"ఊడిందిగా. నువ్వు సరేనంటేనే కదులుతాను బాబాయ్."

ఫాతాయి వెనక ఏదో కిర్రుమంది. తిరిగి చూశాడు. ఖాళీ తోపుడుబండి టైర్లు నేలకు అణిగిపోతున్నాయి.

"సరే తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "తొందరగా వెళ్ళిపో."