రోషన్ బీకి రావాలి

"రోషన్ బీకి రాకపోతే నాకొద్దు," అంటూ ఉమ్ ఫహద్ ల్యాప్‌టాప్‌ను అవతలికి నెట్టేసింది.

ఆ అరబ్బీ మాటను తెలుగులో చెప్పింది కూడా రోషన్ బీయే. తన పేరు తనే చెప్పుకోవలసి వచ్చినందుకు సిగ్గుపడి చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. సౌదీలో బురైదా అనే ఊళ్లోని ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఆమే వంటమనిషి. ఉమ్ ఫహద్ ఇంటి క్లీజాలు, అంటే ఖర్జూరం ముద్ద పెట్టి కాల్చే తీపి బిస్కట్లు, చుట్టుపక్కల అంత పేరు తెచ్చుకున్నాయంటే అది రోషన్ బీ చేతి చలవే. వాటిని అమ్మడానికి ఒక వెబ్‌సైట్ కావాలని ఆ ఇంటి పెద్దావిడ ఉమ్ ఫహద్ పట్టు.

రియాద్‌లోని వెబ్‌సైట్ల కంపెనీ నుంచి ఆ పని మీదే వచ్చిన భవిత, ల్యాప్‌టాప్ బల్ల మీంచి జారకుండా పట్టుకుంది. ఉద్యోగంలో చేరి ఇది మూడో నెల. ఈ పని చేజారితే నాలుగో నెల ఉంటుందో ఉండదో.

"దార్లనే చెప్పిన గద," పక్కనున్న మేనేజర్ మతీన్ గొణిగాడు. "మన కంపెనీ సాఫ్ట్‌వేరే పెట్టేద్దాం. ఒక్క ఫొటో మార్చాలన్నా మనకే ఫోన్ చేస్తరు. వంటామెకు నేర్పుడేంది?"

"మనం ఫోన్ ఎత్తకపోతే పెద్దామె దుకాణం మూసుకోవాలె గద సార్. ఓపెన్ సోర్స్‌ది పెడితే తాళంచెవి ఆమె దగ్గర్నే ఉంటది. రేపు మనం నచ్చకపోయినా ఇంకెవరితోనన్న చేయించుకుంటది."

"మనం నచ్చకపోవుడు నీకు మంచిగనిపిస్తుందా?"

భవిత తన నోటుపుస్తకం తెరిచింది. వారం రోజులు కూర్చుని, ఎవరైనా ఉచితంగా వాడుకోగల అలాంటి సాఫ్ట్‌వేర్లు మూడు పక్కపక్కన పెట్టి చూసింది తను. ద్రూపల్ పెద్ద ఆఫీసులకు దిట్టమైనదే, ఈ వంటింటికి మాత్రం బరువు. జూమ్లా ఫరవాలేదు. వర్డ్‌ప్రెస్ అన్నిటికన్నా తేలిక. కానీ ఎవరికి తేలిక? అరబ్బీయో ఇంగ్లీషో చదవగలిగినవాళ్లకు. రోషన్ బీ అరబ్బీ గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు.

"అక్కా, నువ్వు ఎంతవరకు చదివినవ్?"

"ఐదు దాకా, పాపా. తెలుగు బళ్లో."

భవిత నోటుపుస్తకం మూసేసింది. ల్యాప్‌టాప్ మళ్లీ దగ్గరికి లాక్కుంది. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లోకి వెళ్లి భాష మార్చింది. తెర ఒక్క క్షణం తెల్లగా మెరిసి, తెలుగు అక్షరాలతో నిండిపోయింది.

రోషన్ బీ తడిచేతులు చున్నీకి తుడుచుకుని ముందుకు వంగింది. అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంది. "ట... పా... లు. టపా అంటే జాబు గదా పాపా? ఎవురికి రాయల్ల?"

"అందరికీ రాసే జాబు అనుకో అక్కా."

"తెలుగులో ఇదంతా ఎవురు రాసి పెట్టినారు?"

"ఎవరో మనోళ్లే. జీతానికి కాదు. ఎవరికన్న పనికొస్తదని తీరిక దొరికినప్పుడు కూసొని రాసిండ్రు."

"వాళ్ల బిడ్డలు సల్లగుండల్ల," అంది రోషన్ బీ.

తర్వాత అరగంట ఆ బల్ల దగ్గరే పని సాగింది. రోషన్ బీ పళ్లెంలో క్లీజాలు సర్ది, తన ఫోనుతో ఫొటో తీసింది. దాన్ని ఎలా ఎక్కించాలో భవిత ఒకసారి చూపించింది. రెండోసారి రోషన్ బీయే ఎక్కించింది. ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "ఖర్జూరం క్లీజా. ఈ పొద్దు కాల్చినవి" అని కొట్టింది. 'ప్రచురించు' అన్నచోట గట్టిగా నొక్కి, భయంగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఉమ్ ఫహద్ ఫోనులో ఆ పళ్లెం ప్రత్యక్షమైంది. పెద్దావిడ చప్పట్లు కొట్టి నవ్వింది. ఒక క్లీజా తుంచి స్వయంగా భవిత నోట్లో పెట్టింది. "ఇదే కావాలి!" అంది.

"కొనెటోళ్లకు అరబ్బీ పేజీ పెడతాం," అని మతీన్ అరబ్బీలో చెప్పాడు.

"వద్దు. తెలుగే ఉండనీ," అంది ఉమ్ ఫహద్.

మతీన్ భవిత వైపు తిరిగాడు. "బురైదాల తెలుగు చదివి బిస్కట్లు కొనేదెవరమ్మా?" అంటూనే మూడో క్లీజా అందుకున్నాడు. "సర్లే, వర్డ్‌ప్రెస్ అనే రాస్కో. మన ఓనర్‌కు నేను చెప్పుకుంటలే."

భవిత ప్రాణం కుదుటపడింది. రోషన్ బీ మాత్రం తెర వైపే చూస్తూ నిట్టూర్చింది.

"నేర్చుకుంటి గానీ పాపా, వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్‌లో, ఇంక తిరిగి రాకుండా, మా ఊరికి పోతాండా. నా తరవాత వచ్చే మనిషికి ఎవురు నేర్పిస్తారు?"

ఏమంటోందని ఉమ్ ఫహద్ అడిగింది. రోషన్ బీ అదే మాట అరబ్బీలో చెప్పింది. పెద్దావిడ చేతిసంచిలో ఏదో వెతకసాగింది.

"ఇంక దుకాణం అడ్రసు ఒక్కటే మిగిలింది," అని భవిత 'బురైదా' అని కొట్టడం మొదలుపెట్టింది.

"లా, లా!" వద్దంటూ ఉమ్ ఫహద్ బల్ల మీద తట్టి ఆపింది. సంచిలోంచి మడతపెట్టి ఉన్న, సామాన్లు పంపిన కార్గో రసీదు తీసి భవిత చేతిలో పెట్టింది. భవిత దాన్ని విప్పి చూసింది. ఒకసారి పెద్దావిడ ముఖంలోకి చూసింది. కొట్టింది చెరిపేసి, రసీదులో ఉన్నది తెలుగులో ఒక్కో వరుసా కొట్టి, తెరను రోషన్ బీ వైపు తిప్పింది.

రోషన్ బీ అక్షరాల కింద వేలు పెట్టి చదువుతూ మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

"పాపా... ఇది రాయచోటిలో మా ఇంటి అడ్రసు గదా!"