పైడమ్మ జ్వరం

పైడమ్మ పెరట్లో ఒక కుక్క, ఒక కోడిపెట్ట ఉండేవి. ఒకరోజు పొద్దున్నే కుక్క పైడమ్మ పాదాలు వాసన చూసి, దిగాలుగా కూర్చుంది.

"ఏమైంది మామా?" అని అడిగింది పెట్ట.

"అమ్మ ఒంటి వాసన మారిందే. సాయంత్రానికి జ్వరమొస్తుంది."

పెట్ట గుండెల్లో రాయి పడింది. అమ్మ మంచం పడితే తనకి నూకలెవరు చల్లుతారు?

కుక్క అన్నట్టే జ్వరమొచ్చింది. మూడు రోజులపాటు పైడమ్మ గంజి తప్ప ఇంకేమీ ముట్టలేదు. అమ్మ లేచి తిరిగితే చాలని పెట్ట తనకి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంది.

నాలుగోనాడు కుక్క మళ్లీ వాసన చూసి తోకాడించింది. "జ్వరం వదిలేసిందే!"

పెట్ట సంబరం పట్టలేక అరుగెక్కి రెక్కలు టపటపలాడించింది. అప్పుడే లోపల పైడమ్మ మొగుడితో అనడం వినిపించింది: "నోరు చప్పబడిపోయిందయ్యా. కోడి పులుసుతో నాలుగు ముద్దలు తింటేగాని ఒంట్లోకి ఓపిక రాదు."

"మన పెట్ట అరుగు మీదే ఉందిలే," అన్నాడు మొగుడు లేస్తూ.

పెట్ట కుక్క వైపు తిరిగింది. "ఇది నీకు ముందే తెలుసా మామా?"

"నాకు జబ్బు వాసనొక్కటే తెలుస్తుందమ్మా," అంది కుక్క, మూతి నాక్కుంటూ.