పొట్టి గొట్టం

"బండి ట్యాంకులో ఇంకా పావు వంతు డీజిల్ ఉన్నా హీటరుకు అందదట! గొట్టం అడుగుదాకా పెట్టడం కూడా చేతకాదు వెధవలకి!" మా క్యారవాన్ తయారుచేసినవాళ్లను తిడుతూనే మా ఆయన ఐలిఫ్ పొడుగు గొట్టం బిగించాడు.

మంచు తుఫానని హర్దంగర్ కొండదారి మూసేశారు. గేటు దగ్గర బండ్లన్నీ ఆగాయి. మంచు తోసే లారీ వస్తే దాని వెనకే దాటాలి. అందాకా మా హీటరు భగభగ మండుతోంది.

"చూశావా, రాగ్నీ, నా పనితనం?"

"చూస్తున్నాలే, మహానుభావా."

సాయంత్రం లారీ వచ్చింది. ఐలిఫ్ తాళం తిప్పాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. హీటరూ ఆరిపోయింది. ట్యాంకులో చుక్క లేదు.

బండ్లన్నీ మమ్మల్ని దాటుకుని వెళ్లిపోతున్నాయి.

"నీలాంటివాడు కూడా ఇల్లు చేరాలనే దాచారయ్యా, ఆ పావు వంతు," అన్నాను, "ఆ వెధవలు."