తలా ఒక్క జవాబు

మాటకు ముందో వెనకో ఓ ముక్క తగిలిస్తే అర్థం ఎలా మారుతుందో పిల్లలకు వచ్చా అని చూడ్డానికి తనిఖీ అధికారి వస్తున్నాడు. రెండో తరగతి టీచరమ్మ పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, తలా ఒక్క జవాబు బట్టీ పట్టించింది.

తీరా ఆ రోజు మొదటి పిల్ల జ్వరమని రాలేదు. ప్రశ్నలన్నీ పక్కవాళ్ల వంతుకు జరిగాయి.

టీచరమ్మ ఇచ్చిన కాగితంలోంచి తలెత్తకుండా అధికారి చదివాడు.

“న్యాయం ముందు ‘అ’ చేరిస్తే?”

“దుర్గుణం సార్!”

“భేష్.”

“గుణం ముందు ‘దుర్’ చేరిస్తే?”

“బలవంతుడు సార్!”

“భేష్.”

టీచరమ్మకు ముచ్చెమటలు పట్టాయి. అధికారి మాత్రం అందరికీ భేష్‌లు పంచి, రిజిస్టర్లో ‘అత్యుత్తమ బోధన’ అని గీకి వెళ్ళాడు.

చివరి బల్ల పిల్ల జాలిగా అడిగింది.

“పాపం, ఆ సారుకి కూడా ఒక్క జవాబే నేర్పారా టీచర్?”